గడ్డము గీసుకొని, గడ్డము గీసుకొనవలెను

మా సంస్థ పేరు చెప్పగానే నవ్వేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే అసలు జరిగిందేమిటో తెలుసుకుని నవ్వితే కాస్త మర్యాదగా ఉంటుంది. నేను చెరువు గట్ల పరిరక్షణ సంస్థలో పరిపాలన విభాగం సూపరింటెండెంటును. పేరు భీమశంకరం. మా సంస్థ నుంచి బయటికి వెళ్ళే ప్రతి తెలుగు వాక్యమూ నా చేతి మీదుగా వెళ్ళవలసిందే. ఒక్క దీర్ఘం తప్పినా ఆ పూట నాకు అన్నం సయించదు. అందుకే మా సర్క్యులర్ల భాషను వెక్కిరిస్తూ పత్రికల్లో రాసినవాళ్ళ మీద నాకు మహా ఒళ్ళుమంటగా ఉంది. కార్యక్రమం సంగతి వేరు, వాక్యం సంగతి వేరు.

మా మేనేజింగ్ డైరెక్టరు ప్రభంజనరావు గారు నాయకత్వ శిక్షణ కోసమని ఏదో కొండ మీది ఊరికి వెళ్ళి, ఆషాఢం మొదట్లో తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడే సమీక్షా సమావేశం పెట్టి, బల్ల మీద ఒక తోలుపెట్టె తెరిచారు. అందులో ఏదో జంతువు వెంట్రుకలతో చేసిన మెత్తటి కుంచె, పింగాణీ గిన్నె, గంధం వాసన వేసే గుండ్రటి సబ్బు, బరువైన ఇత్తడి పిడి రేజరు, పటిక ముక్క, ముత్యపుచిప్ప పిడి వేసిన మడతకత్తి ఉన్నాయి. మడతకత్తిని మన ఊళ్ళలో మంగలికత్తి అంటారు. ఆయన హెరిటేజ్ బ్లేడ్ అన్నారు.

“మన గట్లు తెగిపోతున్నాయి. కారణం ఏమిటి?” అని అడిగారు.

నిధుల కొరత అన్నారు చీఫ్ ఇంజనీరు గారు. సిబ్బంది కొరత అన్నాను నేను. ఈ రెండు జవాబులూ మేం ఏ ప్రశ్నకైనా చెబుతాం.

“కాదు. తొందర,” అన్నారు ఎం.డి. గారు. “పొద్దున్నే ఆ ప్లాస్టిక్ రేజరుతో మొహం గోక్కుని పరిగెత్తుకొచ్చే ఉద్యోగి, ఫైలును కూడా అలాగే గోకుతాడు. ముందు వేడినీళ్ళ తువ్వాలు. తర్వాత నురగ. తర్వాత వాలుగీత, అడ్డగీత, ఎదురుగీత. చివర చన్నీళ్ళు, పటిక. ఇది గడ్డం విషయం కాదండీ, గవర్నెన్స్ విషయం. తన ముఖం పట్ల జవాబుదారీతనం లేనివాడికి చెరువు పట్ల ఎక్కణ్ణుంచి వస్తుంది?”

అని, చీఫ్ ఇంజనీరు గారి మొహానికే తువ్వాలు చుట్టి ప్రదర్శన మొదలుపెట్టారు. వాలుగీత అంటే వెంట్రుక వాలిన వైపుకే గీయడం. అడ్డగీత అంటే పక్కకి. ఎదురుగీత అంటే వెంట్రుకకు ఎదురు. చీఫ్ ఇంజనీరు గారు అదృష్టవంతులు, ఆవేళ ఆయనకు వాలుగీతతోనే సరిపెట్టారు.

సరిగ్గా ఆ సమయానికే అసిస్టెంట్ ఇంజనీరు హైమవతి ఒక ఫైలు పట్టుకుని లోపలికొచ్చింది. వెనకాలే మొగలివలస సర్పంచి సన్యాసమ్మ. నడివయసు మనిషి, ముక్కుకి రెండువైపులా పుడకలు, చంకలో గొడుగు. ఆ ఊరి చెరువు తూము పక్కన గట్టులోంచి నీళ్ళు ఊరుతున్నాయి. వానలు ముదరకముందే అక్కడ బంకమట్టి కొట్టి, ఇసుక సంచులు పేర్చాలి. కొలతలూ అంచనాలూ అన్నీ అయిపోయాయి. ఎం.డి. గారి సంతకం ఒక్కటే బాకీ.

“సెరువు గట్టు కారతంది బావూ,” అంది సన్యాసమ్మ. “ఊరంతా ఆ నీటి మీదే నాట్లెయ్యాల. సంచులిత్తామని సెప్పి నాను ఓట్లడిగినాను. మీరు సంతకం ఎడితే మావోల్లే మోసుకుంతారు, మీకు కూలి కూడా నేదు.”

ఎం.డి. గారి రెండు చేతులకీ మణికట్ల దాకా నురగ ఉంది. “అమ్మా, ఇప్పుడు చెయ్యి కడిగితే నురగ ఆరిపోతుంది. నురగ ఆరితే మళ్ళీ మొదటికొస్తుంది. గట్టు ఎక్కడికి పోతుంది చెప్పండి,” అన్నారు ఎంతో మృదువుగా.

సన్యాసమ్మ చీఫ్ ఇంజనీరు గారి తెల్లటి మొహాన్ని, ఆయన మెడ మీద ఆగి ఉన్న కత్తిని చూసి, ఆపరేషను జరుగుతోందనుకుని గమ్మున బయటికెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సర్క్యులరు రాసే బాధ్యత నాకు అప్పగించారు. “ఇందుమూలముగా సమస్త ఉద్యోగులకు తెలియజేయునది ఏమనగా, ప్రతి ఉద్యోగియు కార్యాలయమునందే, సాంప్రదాయిక తడి పద్ధతిలో, మూడు గీతలతో గడ్డము గీసుకొనిన పిదపనే ఫైలును ముట్టవలెను.” ఇందులో వెక్కిరించడానికి ఏముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది.

సమావేశ మందిరం పేరు ముఖ మందిరం అయింది. గోడల పొడవునా అద్దాలు బిగించారు. ప్రతి ఉద్యోగికీ ఒక కుంచె, గిన్నె, సబ్బు, రేజరు ఇచ్చారు. అటెండర్లు ఫైళ్ళు మోయడం మానేసి వేడినీళ్ళ బక్కెట్లు మోయసాగారు. గిన్నె తలకిందులు చేస్తే నురగ జారకూడదు, జారితే మళ్ళీ చిలకాలి. ఈ పరీక్ష చెయ్యడానికి నురగ స్థిరత్వ అధికారి అని ఒక పోస్టు సృష్టించి, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో ఉన్న ఒకాయన్ని అందులో కూర్చోబెట్టారు. ఆయన అంతకుముందు తూముల మరమ్మతు ఫైళ్ళు చూసేవాడు.

మధ్యాహ్నానికి ముఖాలు పూర్తయ్యేవి. భోజనం చేశాక పటిక మంట తగ్గేవరకు ఎవరూ మాట్లాడకూడదు. ఆ తర్వాత మిగిలిన సమయంలో ఫైళ్ళు చూసేవాళ్ళం. బుగ్గల నిండా దూది ముక్కలు అంటించుకుని, చాలా నిదానంగా చూసేవాళ్ళం. తొందర అనేది సంస్థలో ఎక్కడా కనబడకుండా పోయింది.

ఇబ్బందులు రాలేదని నేననను. మా డ్రైవరు ఒకడు భార్య నీళ్ళోసుకుందని ఆచారం ప్రకారం గడ్డం పెంచుతున్నాడు. ప్రసవం అయ్యేదాకా కత్తి తగలకూడదంటాడు. ఎం.డి. గారు సంస్కృతి అంటే గౌరవం ఉన్న మనిషి కనుక, అతని ముఖాన్ని కాన్పు వరకు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దానికి ఉత్తర్వు నేనే రాశాను.

అసలు చిక్కు ఆడిట్ అధికారి ముక్తేశ్వరం గారితో వచ్చింది. ఆయన అందరికన్నా నున్నగా గీసుకుని వచ్చి మరీ అభ్యంతరం లేవదీశాడు.

“కిట్లు ప్రతి ఉద్యోగికీ ఇచ్చారు. మహిళా ఉద్యోగులకు కూడా. వాళ్ళ సబ్బులు అరగలేదేం?”

“వాళ్ళకి గడ్డాలు ఉండవు కదండీ,” అన్నాను.

“అది ప్రకృతికీ వాళ్ళకీ మధ్య విషయం. మీ సర్క్యులర్లో ప్రతి ఉద్యోగియు అని ఉంది. గడ్డం గీసుకున్న పిదపనే ఫైలు ముట్టాలని ఉంది. మరి ఈ ఆడవాళ్ళు ముట్టిన ఫైళ్ళన్నీ ఏమైనట్టు? చెల్లనట్టు.”

అందరం మొహమొహాలు చూసుకున్నాం. మొహాలు చూసుకోవడానికి బాగానే ఉన్నాయి. చెల్లని ఫైళ్ళన్నీ వేరు చేసి అలమారాలో పెట్టి తాళం వేశారు. మొగలివలస తూము ఫైలు హైమవతి తయారుచేసినదే కాబట్టి అది కూడా అందులోకి పోయింది.

హైమవతి నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. “భీమశంకరం గారూ, అక్కడ ఊట రోజురోజుకీ లావవుతోంది. మొన్న వేలు పట్టేది, ఇప్పుడు చెయ్యి పడుతోంది. ఇంకో ఉత్తర్వు ఏదైనా రాసి ఆ అలమారా తెరిపించండి. మహిళలకు మినహాయింపు అని ఒక్క ముక్క రాస్తే చాలదా?”

మినహాయింపు ఇవ్వడానికి ఎం.డి. గారు ఒప్పుకోలేదు. సగం జనాభాను ఒక ఉద్యమానికి దూరంగా పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. సమస్య నా మీద పడింది. నేను టీ తాగుతూ ఆలోచించి, ఆ టీ గ్లాసు కింద పెట్టేలోగా వాక్యం తయారుచేశాను.

“గడ్డము లేనివారు ముందుగా గడ్డము గీసుకొని, తదుపరి గడ్డము గీసుకొనవలెను.”

తెలుగులో బొమ్మ గీయడమూ గీయడమే, బ్లేడుతో గీయడమూ గీయడమే. ఈ సదుపాయం ఇంకో భాషలో ఉందో లేదో నాకు తెలియదు. ఎం.డి. గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, లేచి నిలబడి నాకు కరచాలనం చేశారు. ముక్తేశ్వరం గారు కూడా చాలాసేపు వెతికి, తప్పేమీ కనబడక కాగితం మీద టిక్కు పెట్టేశారు. నా సర్వీసులో నేను అంత సంతోషపడ్డ రోజు లేదు.

మర్నాటి నుంచి మహిళా ఉద్యోగులు కాటుక డబ్బీలతో వచ్చారు. ముందు అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకునేవాళ్ళు, నురగ పట్టించి ఆ గడ్డం గీసుకునేవాళ్ళు. ఒకావిడ గడ్డం చివర చిన్న ముక్క మాత్రం గీసుకుని వచ్చేసరికి దానిమీద రెండు సమావేశాలు జరిగాయి. పూర్తి గడ్డమే ఉండాలని, చెవి నుంచి చెవి దాకా ఖాళీ లేకుండా నింపాలని తీర్మానించాం. వాళ్ళ రేజరులో బ్లేడు పెట్టాలా వద్దా అన్నదాని మీద ఇంకో సమావేశం పెట్టి, వద్దని తేల్చాం. మీసం ఐచ్ఛికం.

హైమవతి కాటుకతో నిండా గడ్డం గీసుకుని తన వంతు కోసం వరండాలో కూర్చుని ఉండగా సన్యాసమ్మ మళ్ళీ వచ్చింది. ఆమె కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద ఉంది. హైమవతిని చూసి ఆగిపోయింది.

“ఏటి తల్లీ, ఈ యేషం?”

“మీ గట్టు కోసమేనమ్మా. ఇది గీసేసుకుంటే నా ఫైలు చెల్లుతుంది. ఫైలు చెల్లితే సంతకం అవుతుంది.”

సన్యాసమ్మ నవ్వలేదు. హైమవతి పక్కన చతికిలపడి, ఆ నల్లటి గడ్డాన్ని కాసేపు పరీక్షగా చూసింది. “నానూ ఏసుకోనా మరి? పని తొరగా అవుద్దంటే నాకేటి సిగ్గు నేదు. కాటుక నీకాడ ఉందా, కొనుక్కురానా?”

ఈ నిబంధన బయటివారికి వర్తించదని నేను చెప్పాల్సి వచ్చింది. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఏదోలా అనిపించింది. కానీ సర్క్యులర్లో ఉద్యోగి అని స్పష్టంగా ఉంది.

హైమవతి గడ్డం గీసుకుంది, గీసుకుంది. నురగ స్థిరత్వ అధికారి ఆమె గిన్నె తలకిందులు చేసి చూసి తల ఊపాడు. ఫైలు చెల్లింది. మర్నాడు ఎం.డి. గారి ముందు ఆమె మొగలివలస చెరువు ఫొటోలు తెర మీద వేసి చూపించింది. మొదటి ఫొటో గట్టుది. నిండా గరిక, తుంగ, మధ్యమధ్య దర్భ పొదలు.

“ఏమిటది, అలా మాసిపోయి ఉంది?” అన్నారు ఎం.డి. గారు.

“గట్టేనండి. మనం చూడవలసింది తూము పక్కన...”

“ఆ పచ్చగా ఉన్నదేమిటి?”

“గడ్డండి సార్.”

తొందరలో ఆమె అన్నది అదే. గడ్డి అండి అనబోయింది, మాట కలిసిపోయి గడ్డండి అయింది. మన భాషలో ఇది రోజూ జరిగేదే. కానీ ఎం.డి. గారు కుర్చీలోంచి మెల్లగా లేచారు. తెర దగ్గరికి వెళ్ళి ఆ ఫొటో మీద చెయ్యి పెట్టారు. ఆయన కళ్ళు చెమర్చాయని పక్కన కూర్చున్న చీఫ్ ఇంజనీరు గారు తర్వాత చెప్పారు.

“గడ్డం,” అన్నారు. “ఈ అమ్మాయి ఎంత మాటంది. ఇన్నాళ్ళూ మనం మన ముఖాలు చూసుకుంటున్నాం. సంస్థ ముఖం ఏది? గట్టు. ఎన్నేళ్ళుగా పెరుగుతోంది ఇది?”

“మొదట్నుంచీ ఉంది సార్. మట్టి కొట్టుకుపోకుండా మనవాళ్ళే గరిక నాటించారు,” అంది హైమవతి. “సార్, ఆ వేళ్ళే గట్టును పట్టుకుని ఉన్నాయి. అది తీస్తే వానకి మట్టి నిలవదు.”

“అంటే గడ్డమే మన దవడను పట్టుకుని ఉందని మీ వాదనా?”

గదిలో అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. అందరి దవడలూ నున్నగా ఉన్నాయి, ఊడిన దవడ ఒక్కటీ లేదు. హైమవతి దగ్గర ఇంకా ఏవో లెక్కలు ఉన్నాయి కానీ ఆ తర్వాత ఎవరూ వినలేదు.

తీర్మానం చాలా స్పష్టంగా ఉంది. రాష్ట్రంలోని గట్లన్నిటికీ సాంప్రదాయిక తడి క్షవరం. ఫైలు పైన ఉంది కనుక పైలట్ ప్రాజెక్టుగా మొగలివలస. తూము పక్కన సంచుల సంగతి ఏమిటని హైమవతి మళ్ళీ అడిగింది. “క్షవరం కాని ముఖానికి పటిక ఎవరైనా రాస్తారా? ముందు క్షవరం, తర్వాత సంచులు,” అని ఎం.డి. గారు ఫైలు మీద తమ చేత్తో రాశారు. ఎన్నాళ్ళకో ఆ ఫైలు మీద ఆయన చేతిరాత పడింది.

మేం మొగలివలస వెళ్ళేసరికి శ్రావణం వచ్చింది. చెరువు సగానికి పైగా నిండి ఉంది. గట్టు కింద నాట్లు పడ్డాయి, పచ్చగా కనుచూపు మేర ఉన్నాయి. ఎం.డి. గారు గట్టెక్కి పొలాలకేసి చూసి, అది కూడా గడ్డమేనా అని అడిగారు. కాదు, వరి అని నేను గట్టిగా చెప్పాను. ఆ ఒక్క విషయంలో నేను ఆ ఊరికి కొంత సేవ చేశాననే అనుకుంటున్నాను.

సన్యాసమ్మకు సంగతి చెబితే మొదట నమ్మలేదు. నమ్మాక హైమవతిని పక్కకు పిలిచి అడిగింది. “గడ్డి తీసేత్తే గట్టు నిలబడదు కదా తల్లీ. నువ్వు సదువుకున్నావు, సెప్పు.”

“నిలబడదమ్మా,” అంది హైమవతి. “చెప్పాను. వినలేదు.”

“తియ్యకపోతే సంచులివ్వరా?”

“ఇవ్వరు.”

సన్యాసమ్మ గట్టు మీద అటూ ఇటూ నడిచింది. తూము పక్కన నీళ్ళు బొళుక్ బొళుక్‌మని ఊరుతున్న చోట ఆగి, కాలితో నొక్కి చూసింది. తర్వాత ఎం.డి. గారి దగ్గరికొచ్చింది. “కోయిత్తాను బావూ. కానీ వేళ్ళు ఒగ్గేయండి. పైన మట్టుకే కోయిత్తాను. ఆయేళే సంచులిచ్చీయాల.”

“తప్పకుండా అమ్మా. పద్ధతి ప్రకారం అయితే అదే రోజు,” అన్నారు ఎం.డి. గారు.

పద్ధతి ప్రకారం అంటే ముందు తడపాలి. తడి లేకుండా గీస్తే మంట పుడుతుందని ఆయన సిద్ధాంతం. వేసవిలో ఊళ్ళకు మంచినీళ్ళు మోసే ట్యాంకర్లు వచ్చి గట్టంతా వేడినీళ్ళతో తడపాలన్నారు. వేడినీళ్ళు దొరకలేదు, చెరువు నీళ్ళతోనే తడిపారు. గట్టు మెత్తబడింది. తర్వాత ఊరివాళ్ళు కొడవళ్ళు పట్టుకుని వరసగా నిలబడ్డారు. సన్యాసమ్మ కూడా కొంగు బిగించి కొడవలి పట్టింది. వాలుగీత పొద్దున్నే అయిపోయింది. అడ్డగీత మధ్యాహ్నానికి అయింది. గట్టు మీద గడ్డి మొదళ్ళు మాత్రం మిగిలాయి. పర్వాలేదు, గట్టు ఇంకా గట్టులాగే ఉంది.

“ఇంక సంచులు,” అంది సన్యాసమ్మ చెమట తుడుచుకుంటూ.

ఎం.డి. గారు వంగి గట్టు మీద అరచెయ్యి ఆనించి, పొడుగునా రాస్తూ నడిచారు. వెనకాల చీఫ్ ఇంజనీరు గారు, ఆయన వెనకాల ముక్తేశ్వరం గారు, ఆయన వెనకాల నేను, అందరం గట్టును నిమురుతూ నడిచాం. ఊళ్ళో ముసలివాళ్ళు అదేదో పూజ అనుకుని చెప్పులు విడిచారు. గట్టు మధ్యకి వచ్చాక ఎం.డి. గారు ఆగిపోయారు.

“గరుకు,” అన్నారు.

“అవి మొదళ్ళు బావూ. అవి పోతే ఇంకేటుంది,” అంది సన్యాసమ్మ.

“ఎదురుగీత పడాలి.”

కొడవళ్ళతో ఎదురుగీత పడదు. పారలు తెప్పించారు. ఊరివాళ్ళు పారలు ముట్టుకోలేదు, ఒక్కొక్కళ్ళూ వెనక్కి తగ్గి నిలబడ్డారు. అందుకని పట్నం నుంచి కూలీలను రప్పించి, కింది నుంచి పైకి చెక్కించారు. వేళ్ళు పట్టుకున్న మట్టితో సహా పెళ్ళలు పెళ్ళలుగా లేచి వచ్చాయి. సన్యాసమ్మ ఒక కూలీ చేతిలో పార పట్టుకుని ఆపబోతే, ప్రభుత్వ విధులకు ఆటంకం అని ఆమెకు నచ్చజెప్పాం. సాయంత్రానికి గట్టు ఎర్రగా, నున్నగా, కోడిగుడ్డులా తయారైంది. ఎం.డి. గారు సన్యాసమ్మ చెయ్యి పట్టుకుని గట్టుకు ఆనించి, “చూడండి, ఎంత నున్నగా ఉందో,” అన్నారు.

“నున్నగుంది బావూ,” అంది ఆమె. “నీరు కూడా అలగే జారిపోద్ది.”

ఎం.డి. గారు అది పొగడ్త అనుకున్నారు. సంతకం పెట్టేశారు. నిజంగానే పెట్టారు, అదే గట్టు మీద, నా వీపునే బల్లగా చేసుకుని పెట్టారు. సంచుల ఉత్తర్వు ఆ రాత్రికి వెళ్ళింది. అల్పపీడనం కూడా ఆ రాత్రే వచ్చింది.

సంచుల లారీ మొగలివలస పొలిమేర చేరేసరికి గట్టు లేదు. గట్టు ఉండవలసిన చోట ఇంత గండి ఉంది. తెల్లారగట్ల తూము పక్కన మొదలై, నున్నటి మట్టి నున్నటి మట్టిగానే జారిపోయిందట. సన్యాసమ్మ డప్పు కొట్టించి పల్లపు వీధి మొత్తాన్ని బడి మీదికి ఎక్కించడం వల్ల మనుషులకేమీ కాలేదు. చెరువు మాత్రం పొలాల్లోకి వచ్చి, ఇసుక దింపేసి, సముద్రం వైపు పోయింది. నాట్లన్నీ ఇసుక కిందకి పోయాయి. లారీ డ్రైవరు సంచులు ఎక్కడ దింపాలో తెలియక గండి పక్కన దింపి రసీదు అడిగాడు.

విచారణకు ఎం.డి. గారే స్వయంగా వచ్చారు. ఆ పొద్దున కూడా మూడు గీతలూ పూర్తి చేసుకునే వచ్చారు, పటిక వాసన వస్తోంది. ఆయన్ని అప్పుడు చూసినవాళ్ళకు తెలుస్తుంది, మనిషి నిజంగా బాధపడ్డాడు. కాకపోతే ఆయన బాధంతా ఒక్క విషయం మీదే ఉంది. క్షవరం సరిగ్గా జరగకపోవడం వల్ల గండి పడిందా అని. జరగకపోతే పద్ధతికే చెడ్డపేరు. జరిగితే తప్పు వానది. స్థానిక ప్రజాప్రతినిధి వాంగ్మూలం తీసుకోమని నాకు చెప్పారు.

సన్యాసమ్మ గండి ఒడ్డున కొట్టుకుపోగా మిగిలిన మట్టి దిబ్బ మీద కూర్చుని ఉంది. గొడుగు లేదు. చీర కొంగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఊరివాళ్ళు కొందరు దూరంగా నిలబడి ఆమెనే చూస్తున్నారు. ఓట్లడిగింది ఆమె కదా.

“అమ్మా,” అన్నారు ఎం.డి. గారు. “ఒక్కటే ప్రశ్న. ఆలోచించి చెప్పండి, దీని మీద రాష్ట్రంలోని అన్ని చెరువుల భవిష్యత్తు ఆధారపడి ఉంది. ఇక్కడ క్షవరం పూర్తిగా అయిందా, లేదా?”

సన్యాసమ్మ ఆయన మొహం వైపు చూసింది. తర్వాత పొలాల వైపు చూసింది.

“అయింది బావూ,” అంది. “పూర్తిగా అయింది. ఒక్క గట్టుకేటి, ఊరు ఊరందరికీ అయింది.”

హైమవతి చటుక్కున మొహం తిప్పేసుకుంది. ఆ మాటకి తెలుగులో ఇంకో అర్థం ఉందని నాకు తెలుసు, ఆ ఒడ్డున నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు. కలం పట్టుకుని ఎం.డి. గారి వైపు చూశాను.

“రాయండి, రాయండి,” అన్నారు ఆయన. ఆయన మొహం విప్పారింది. “ఊరందరికీ అన్నారు. మన లక్ష్యం గట్టు ఒక్కటే. ఇది లక్ష్యానికి మించిన సాధన. ఆవిడ మాటల్లోనే రాయండి.”

ఆవిడ మాటల్లోనే రాశాను. “మొగలివలస గట్టునకును, గ్రామస్థులందరికిని క్షవరము పూర్తిగా అయినది.” ఒక్క అక్షరం దిద్దుబాటు లేదు. చదివి వినిపించాను.

“రాసినారా బావూ?” అంది సన్యాసమ్మ.

“రాశానమ్మా.”

“అయితే అది అట్టుకెల్లి మీ ఆఫీసులో ఎట్టుకోండి. మావోల్లు ఈ యేడు ఏటి తింతారో నాను సూసుకుంతాను.”

ఆమె లేచి, గండి వాలులో జారుతూ కిందికి దిగింది. దూరంగా నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆమె వెనకాల దిగారు. అందరూ వంగి, చేతులతో ఇసుక తవ్వుతూ, కింద ఎక్కడైనా బతికిన నాటు ఉందేమోనని వెతకడం మొదలుపెట్టారు. ఎం.డి. గారు నా చేతిలో కాగితం తీసుకుని మళ్ళీ ఒకసారి చదువుకుని, వాక్యం చాలా బాగా కుదిరిందన్నారు.